మీ ఊరు ఎంచుకోండి

తెలంగాణ ఉద్యమం వీధుల్లోకి వచ్చిన రోజుల్లోనే మా ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా ఇంటి మేడమీది వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నేను కోస్తా నుంచి వచ్చి, ఇక్కడే లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను.

బంద్ రోజుల్లో కోచింగ్ సెంటర్లు మూతపడి మా వీధి మధ్యాహ్నమే కునుకు తీస్తున్నట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలో కంప్యూటర్ ముందు కూర్చుంటే, తెర వెనక ఎవరెవరో మెత్తగా నడుస్తున్నట్టు అనిపించేది. మెయిళ్ళు వచ్చేవి. కొన్ని కోస్తాలోని బంధువులు పంపేవి, కొన్ని ఇక్కడి పాత సహోద్యోగులు పంపేవి. లావుపాటి ఎర్రటి అక్షరాలు, ఉద్యోగాల లెక్కలు, నీళ్ళ లెక్కలు. ఎవరు పంపిన పట్టిక కూడినా కింద వేసిన మొత్తానికి సరిపోయేది కాదు. నేను కూడిక సరిచేసి, అందరికీ ఒకేసారి చేరేలా జవాబు రాసేదాన్ని. దాంతో రెండు వైపులవాళ్ళూ నన్ను అవతలిపక్షం మనిషినని తీర్మానించుకున్నారు.

నాకు నిజంగా నచ్చింది పంచాంగం సైటు. అంతకుముందు బెజవాడ నుంచి తెప్పించుకున్న పంచాంగంలోని వేళలకు, రెండు ఊళ్ళ రేఖాంశాల తేడా చూసి, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నేనే పెన్సిలుతో కలుపుకునేదాన్ని. సైటు వచ్చాక ఆ పని తప్పింది. తెరవగానే పైన చిన్న గడి ఉండేది, ‘మీ ఊరు ఎంచుకోండి’ అని. ఆ రోజుల్లో సిటీ బస్సులోనూ, కూరగాయల బండి దగ్గరా నా యాస వినగానే అడిగేది కూడా ఇంచుమించు అదే, ‘మీ ఊరేది’ అని. మనుషులకైతే పుట్టింది ఫలానా చోట, ఉద్యోగం ఫలానా చోట అని సాగదీసి చెప్పేదాన్ని. గడిలో ఒక్క పేరే పడుతుంది.

మావారు ఆ ఏడాది బెజవాడ వెళ్ళిపోదామని పట్టుబట్టారు. వాళ్ళ అన్నయ్యగారు అక్కడ తమ పక్క ఫ్లాటు చూసిపెట్టారు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆయన ఫ్లాట్ల సైట్లు చూడడం మొదలుపెట్టాక, నా పంచాంగం పక్కన కూడా కృష్ణ ఒడ్డు మేడల ప్రకటనలు కనిపించసాగాయి. తిథి, వారం, నక్షత్రం, వాటి పక్కన నీలం అద్దాల ఇళ్ళు. మేం సామాన్లు కట్టేసుకున్నామని ఎక్కడో ఏదో కంపెనీ అనుకుంటోంది. చూస్తూ చూస్తూ ఉంటే ఆ ఇళ్ళ బాల్కనీలో ఎవరో ముసలామె తడిచీర ఆరేస్తున్నట్టు, ఆమె నేనేనేమో అన్నట్టు అనిపించేది. అక్కడ గాలి కూడా తగులుతున్నట్టుండేది. అది దిగులో ఇష్టమో తేలేది కాదు.

ఇల్లుగలావిడా నేనూ ప్రతినెలా సంకటహర చతుర్థికి ఉపవాసం ఉండేవాళ్ళం. డాబా మీద చంద్రుణ్ణి చూసి, అక్కడే కలిసి తినేవాళ్ళం. మబ్బు పట్టిన రోజున మాత్రం నేను చెప్పిన వేళకే చంద్రోదయం.

ఆ వానాకాలం ఒక చతుర్థినాడు బంద్ పడింది. ఆమె పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్ళింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, నిరసనకు వచ్చినవాళ్ళందరికీ వండి వడ్డించి, తను మెతుకు ముట్టకుండా చీకటి పడ్డాక ఇల్లు చేరింది. చీరంతా పొగ వాసన. ఆకాశమంతా మబ్బు. వేళ కనుక్కోవడానికి పైకొస్తే, తెర మీద చూసి చెప్పాను.

“గంతేనా? అయితే అయిపాయె. పా అక్కా, పానం పోతున్నది,” అని తెరలోకి వంగి చూసి ఆగిపోయింది. “ఏందక్కా గిది? మన చంద్రుడు గూడ బెజవాడలనే పొడుస్తుండా?”

పైన గడిలో విజయవాడ అని ఉంది. మధ్యాహ్నం మావారు గృహప్రవేశానికి మంచిరోజులు వెతికారు. చివరిసారి ఎంచుకున్న ఊరినే ఆ సైటు పట్టుకుని కూర్చుంటుంది. నేను వేళ చూశాను, ఊరు చూడలేదు.

ఆమె పక్కనున్న మేడల బొమ్మలు కూడా చూసింది.

“పోతున్నరా?”

“ఆయన చూస్తున్నారు.”

“సారు సంగతి కాదు. నువ్వేమంటున్నవ్?”

నేను మౌస్ మీద చెయ్యి వేశాను.

“నేను పొమ్మన్ననా నిన్ను? గా రోడ్డు మీద నేను కొట్లాడేది రాష్ట్రం కోసం. నీతోని కాదు. జర ముందుగాల చెప్పాలె గదా. కిరాయికి బోర్డు పెట్టుకోవాల్నా, వద్దా?” గొంతులో వెటకారం ఉంది గానీ, కళ్ళు తెర మీదే ఉన్నాయి.

గడి తెరిచాను. ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి జారిపోతుంటే నిద్రలో రైలు స్టేషన్లు దాటుతున్నట్టే ఉంది. హైదరాబాద్ దగ్గర ఆగి నొక్కాను. పేజీ ఒక్కసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. చంద్రోదయం తొమ్మిది నిమిషాలు ఆలస్యమైంది.

“బోర్డు వద్దు. కాసేపు ఓర్చుకో, ఇక్కడ ఇంకా వేళ కాలేదు,” అన్నాను.

“ఓయమ్మో! నువ్వుంటానంటే నాకా శిక్ష?”

నవ్వుకుంటూ, అటుకుల గిన్నెలు పట్టుకుని డాబా ఎక్కాం. రహదారి మీద ఆంధ్రా బస్సులు లేవు. అంత విశాలమైన నిశ్శబ్దం నేనా ఊళ్ళో ఎప్పుడూ వినలేదు. తూర్పున మబ్బు వెనక ఎవరో దీపం పట్టుకుని గది నుంచి గదికి తిరుగుతున్నట్టు వెలుగు కదిలింది. ఇద్దరం అటే చూశాం.

మావారు పైకి వచ్చారు. “ఏవిటే, ఇంకా అవలేదా? ఇందాక చెప్పిన టైం దాటిపోయిందిగా?”

“అది బెజవాడలో ఉన్నవాళ్ళకి.”

ఆయన నావంకా, ఆమెవంకా చూశారు. పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డారు.

“అన్నయ్యకు నేనేం చెప్పను?”

“మీరు చెప్పొద్దు, నేను చెబుతాను.”

“సారూ, తినుండ్రి ముందుగాల,” అని ఆమె ఆయనకు అటుకుల గిన్నె అందించింది.

మర్నాడు పొద్దున బావగారికి ఫోన్ చేశాను.

“అక్కడ గొడవలు కదమ్మా,” అన్నారు.

“గొడవలున్నాయండీ. మేమూ ఉంటాం.”

అయితే ఆ ఫ్లాటు వేరేవాళ్ళకు చెప్పేస్తానన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసరికి కింద ఆమె బియ్యం చెరుగుతున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.