బొట్టు పెట్టి ఇచ్చిన చీర

ప్రకటనలు రావడం తగ్గాక, తెనాలి లోకల్ కేబుల్ టీవీవాళ్లు ఆడవాళ్ల క్విజ్ పోటీకి ఖర్చులు తగ్గించారు. బజర్ పాడైతే కొత్తది కొనకుండా, కొట్టమని పోటీదారుల చేతికి స్టీలు కంచం, గరిటె ఇచ్చారు. చప్పట్లకు ఓడిపోయినవాళ్లనే కూర్చోబెట్టారు. బహుమతి మాత్రం ప్రతివారం అదే చీరాల పట్టుచీర. కెమెరా ముందు ఇచ్చి, తర్వాత తీసేసుకుంటారని అంతకుముందు గెలిచిన మా పక్కింటి వదిన చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆ చీర తేకుండా ఇంటికి రానని రేపల్లెలో రైలెక్కాను.

కంచం సొట్టపడేలా కొట్టి మరీ గెలిచాను. యాంకరమ్మాయి కెమెరా కోసం నాకు బొట్టు పెట్టి చీర ఇచ్చింది. లైట్లు ఆరగానే మేనేజరు చెయ్యి చాచాడు.

"చీర ఇటివ్వండమ్మా."

"బొట్టు పెట్టి ఇచ్చిన చీర మీ ఇంట్లో వెనక్కి తీసుకుంటారా బాబూ?"

అతను యాంకరమ్మాయి వైపు కోపంగా చూసి చెయ్యి దించుకున్నాడు. చీర ఒళ్లో పెట్టుకుని రేపల్లె వచ్చాను.

తర్వాతి వారం టీవీలో కొత్త చీర కనిపించింది. కుంకుమ భరిణె మాత్రం లేదు. ఆ ఖర్చూ తగ్గించారన్నమాట.

పోటీకి మళ్లీ పేరిచ్చాను. ఈసారి భరిణె నేనే పట్టుకెళ్తాను.