కిర్రుమనే కారుకి కందెన

మా ఆయనకి ఇద్దరు పెళ్లాలని ఊళ్లో వాళ్లు నా ముఖం మీదే అనేవారు. రెండోది పద్మిని కారు. మీగడ రంగు, స్టీరింగు పక్కనే గేరు కర్ర, మేకపిల్ల అరిచినట్టుండే హారన్. బ్రాడీపేటలో ఒక పిల్లల డాక్టరు గారు చాలా ఏళ్లు వాడుకుని, కొత్తది కొనుక్కుంటూ దీన్ని అమ్మజూపితే, ఆ ఏడాది మిరపకి మంచి ధర పలికిన ఊపులో మా ఆయన వెళ్లి తోలుకొచ్చేశాడు. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. నన్నొక్క మాట అడగలేదు. అడిగితే ముందు వంటింటి కప్పు సంగతి చూడమంటానని ఆయనకి తెలుసు.

డాక్టరు గారి స్పిరిటు వాసన కారులో నెల్లాళ్లు కూడా నిలవలేదు. డిక్కీలో ఎప్పుడూ మిరపకాయల శాంపిల్ సంచులే. మా కారెక్కిన చుట్టాలు ప్రత్తిపాడు దాటేలోపు తుమ్మడం మొదలుపెట్టేవారు. మా ఆయన అద్దంలోంచి వాళ్లను చూసి, "జలుబు చేసిందా ఏంటి, పిల్లలకి అంటిస్తారు, జాగ్రత్త" అనేవాడు. కారుని మాత్రం ఒక్క మాట అననిచ్చేవాడు కాదు.

ఆ కారుకి గుంటూరులో ఒక మెకానిక్ ఉండేవాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. మొదటిసారి షెడ్డుకి వెళ్లినప్పుడు నాకు స్టూలు తుడిచి వేసి, "కూర్చో చెల్లెమ్మా, ఎండన పడొచ్చావు" అన్నాడు. నేను అన్నయ్యగారూ అన్నాను. దాంతో ఆయనా మా ఆయనా బావా బావా అయిపోయారు. రంజానుకి వాళ్లింటి నుంచి సేమ్యా గిన్నె వచ్చేది, మా చేలో పండుమిరపకాయలు రాగానే పచ్చడికి ముందు వాళ్లింటికే వెళ్లేవి. మా ఆయన నోటి మాట మీద మా ఊరి నుంచే కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచీ జీపులూ కార్లూ ఆ షెడ్డుకే పోయేవి.

అన్నయ్యకొక పద్ధతి ఉంది. కారులోంచి తీసేసిన ముక్క ఏదైనా సరే, షెడ్డులో ఉంచుకునేవాడు కాదు. కాగితంలో చుట్టి కారు యజమాని చేతిలో పెట్టి, "తీసింది మీది" అనేవాడు. ఏం తీశాడో, ఎందుకు తీశాడో మనం కళ్లారా చూసుకోవాలని. మా పశువుల కొట్టం అటక మీద అలా కాగితం పొట్లాలు వరసగా ఉండేవి. వాటిని పారేస్తానంటే మా ఆయన ఊరుకునేవాడు కాదు.

రెండో వేసవిలో పద్మినికి కొత్త జబ్బు పట్టుకుంది. బండి కదిలేటప్పుడు కింద ధడ్ మనేది. గేరు మార్చినప్పుడల్లా ధడ్. ఆ తర్వాత కాసేపు ఒళ్లంతా వణుకు. మెకానిక్ అన్నయ్య కిందికి దూరి చూసి రబ్బర్లు పోయాయన్నాడు. ఇంజను తిప్పే బలాన్ని వెనక చక్రాలకి మోసుకెళ్లే పొడుగాటి షాఫ్టు ఒకటి కారు కింద ఉంటుందట. గేర్‌బాక్సు దగ్గర దాన్ని ఒక మందపాటి రబ్బరు బిళ్లతో కలుపుతారు. గుండ్రంగా, అరచేయి కంటే కాస్త పెద్దగా, చుట్టూ ఆరు బోల్టులు. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో ఆ రబ్బరు నలుగుతుందన్నమాట. అత్తాకోడళ్ల మధ్య నా మొగుడిలా అన్నాన్నేను. అన్నయ్య నవ్వాడు గానీ మా ఆయన నవ్వలేదు.

ఆ బిళ్లా, ఇంజను కింద ఉండే రెండు రబ్బరు దిమ్మలూ మార్చాడు. తీసిన పాతవి ఎండిపోయి, గట్టిపడి, పగుళ్లు బారి ఉన్నాయి. చలికాలంలో నా మడమలు అలాగే ఉంటాయి. కారు కొత్తదానిలా మెత్తగా కదిలింది. దారి పొడుగునా ఈయన బావని పొగుడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక కిర్రు మొదలైంది. నెమ్మదిగా పోతున్నప్పుడు కారు కింద కిర్రు కిర్రుమని సన్నటి మోత. అన్నయ్యని అడిగితే, "కొత్త రబ్బరు బావా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది, ఏమీ చేయకు" అన్నాడట. నాలుగు రోజులు ఓపిక పట్టడం నా జాతకంలో లేదు. పైగా కిర్రు సంగతి నాకంటే ఎవరికి తెలుసు? మా పుట్టింట్లో రెండెడ్ల బండికి కందెన పెట్టే పని నాది. ఎండుగడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపి, బండి కింద దూరి ఇరుసుకి పట్టించేదాన్ని. మా నాన్న బండి కిర్రుమంటే ఊరు నవ్వుతుందనేవాడు. కిర్రుమనే బండి సోమరి ఇంటి బండి అని మా ఇంట్లో లెక్క.

మా అత్తవారింట్లో అప్పటికి ఆముదం పోయింది. ఆయిలింజను నుంచి తీసేసిన నల్లటి ఆయిల్లో కాస్త కిరసనాయిలు కలిపితే అదే కందెన. ట్రాలీ చక్రాలకీ, గేటు బందులకీ, బావి గిలకకీ అన్నిటికీ అదే. కొట్టం గోడకి ఒక డబ్బాలో వేలాడుతూ ఉండేది, పైన కోడి ఈకల కుంచె. మార్టూరులో రాళ్లు కోసే చోట మిగిలిన ముక్కలు తెచ్చి మా ఆయన వాకిట్లో కారు ఎక్కించడానికి రెండు ఎత్తైన దిమ్మలు కట్టించాడు. కింద మనిషి హాయిగా దూరొచ్చు. ఈయన వేసవి దుక్కి దున్నించడానికి చేనికి వెళ్లగానే, నేను చీర పైకి దోపి, డబ్బా పట్టుకుని దూరాను. ఆ కొత్త రబ్బరు బిళ్లకి, దాని బోల్టులకి, అందిన ప్రతి సందుకీ కోడి ఈకతో కందెన పట్టించాను.

మర్నాడు కిర్రు లేదు. "చూశావా, బావ చెప్పినట్టే సర్దుకుంది" అని మా ఆయన మీసం మెలేశాడు. నిజం చెబితే అన్నయ్య పనికి వంక పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. లోపల మాత్రం ఎంత మురిసిపోయానో! అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఈయన టీ హోటలుకి పోగానే కందెన పెట్టడం నాకొక నోము అయిపోయింది.

మూడు నెలలు తిరక్కుండానే మార్టూరు రోడ్డు మీద కారు ధడధడలాడి ఆగిపోయింది. బోల్టుల దగ్గర రబ్బరు చీలిపోయిందట. ఆ రోజు నేను కారులో లేను. ఇంటికొచ్చి "ముక్క బాగాలేదంట, బావ ఊరికే వేరేది వేశాడు" అని మాత్రం చెప్పాడు మా ఆయన. గేర్‌బాక్సు ఆయిలేమైనా కారుతుందేమోనని అన్నయ్య దాని సీలు కూడా మార్చాడట. నాకవన్నీ పట్టలేదు. కొత్త రబ్బరు కదా, మళ్లీ కిర్రుమంటుంది కదా అని ఈసారి వారానికి రెండుసార్లు పెట్టాను.

అది రెండు నెలలు కూడా ఆగలేదు. ఈసారి బ్రాడీపేట నడిబొడ్డున, కోచింగ్ సెంటర్లు వదిలే వేళకి. ముందు ధడేల్ మంది, తర్వాత కారు ఉన్న చోటే నిలబడి వణికింది. వెనక ఆటోలు గోల. ట్యూషన్ పిల్లలు పుస్తకాల సంచులు వీపున వేసుకుని, నవ్వుకుంటూ కారుని పక్కకి తోశారు. నేను లోపల కూర్చుని చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది.

కబురందగానే అన్నయ్య సైకిలు మీద వచ్చాడు. రోడ్డు మీదే వెల్లకిలా పడుకుని, చేయి లోపలికి పెట్టి తడిమి చూశాడు. వేళ్లు నల్లగా బయటికొచ్చాయి. "ఆయిల్ తగలందే రబ్బరు ఇంత మెత్తబడదు బావా. సీలు కూడా మార్చాను. ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు అంతు పట్టట్లేదు" అన్నాడు.

అంతు నాకు పట్టేసింది మరి.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "అంతు పట్టకపోవడమేంది? డూప్లికేట్ ముక్క వేశావు. ఒకసారంటే పొరపాటు, రెండుసార్లా? నమ్మినోణ్ణి కదా అని నడిరోడ్డు మీద నిలబెట్టావు కదయ్యా!" బావ కాస్తా అయ్యా అయిపోయాడు. చుట్టూ జనం. అన్నయ్య గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మిరపయార్డుకి వచ్చిన మా ఊరి ట్రాక్టరు కనబడితే మా ఆయన దాని వెనక కారుకి తాడు కట్టించాడు గానీ, ఆ షెడ్డుకి మాత్రం పంపనన్నాడు. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను.

ఇంటికెళ్లాక చెప్పలేదు. ఆ రాత్రి చెప్పలేదు, తెల్లారీ చెప్పలేదు. ఈలోపు మా ఆయన టీ హోటల్లో కూర్చుని పద్మిని కథ ఊరందరికీ చెప్పేశాడు. ఎంత త్వరగా ఆ షెడ్డుకి దారి చూపించాడో అంత త్వరగా మూయించాడు. మరో వారానికి పంటి నొప్పికి గుంటూరు వెళ్లినప్పుడు, ఆటోలోంచి ఆ షెడ్డు వైపు చూశాను. ఎప్పుడూ నాలుగైదు బండ్లు నిలబడే చోట ఒక్క బండీ లేదు. అన్నయ్య స్టూలు మీద ఒక్కడే కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. దిగి మాట్లాడదామనుకుని, దిగలేదు. నాకు నా మీద అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. నోటికి ఎంత మాట వస్తే అంత అనేసే దాన్ననీ, ఎవరికీ భయపడననీ పేరు నాకు. తప్పు నాదైతే ఆ నోరు ఎక్కడికి పోయిందో!

ఆ వారమే అన్నయ్య నుంచి కబురొచ్చింది. ఆదివారం మీ ఊరొస్తాను, మీ వాకిట్లో, నలుగురి ముందు విప్పుతాను, నేను వేసిన దాంట్లో మోసం ఉందని తేలితే ఇక స్పానర్ ముట్టను అని. మా ఆయన సరేనన్నాడు. ఆదివారం టీ హోటలు మొత్తం మా వాకిట్లోనే ఉంది.

అన్నయ్య వచ్చాడు. రాతి దిమ్మల మధ్య గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. బోల్టులు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. రబ్బరు బిళ్ల బయటికొచ్చింది, ఉబ్బిపోయి, నల్లగా, జిగురుగా. నిలబడి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు. కిరసనాయిలు గేర్‌బాక్సులో ఉండదు కదా. మెల్లగా తలెత్తి వాకిలంతా చూశాడు. ఆయిలింజను, ట్రాలీ, కొట్టం గోడ, గోడకి వేలాడే డబ్బా, దాని మీద కోడి ఈకలు. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ నన్ను. అంతసేపు నన్నెవరూ అలా చూడలేదు.

నలుగురి వైపు తిరిగి, "ముక్కలోనే లోపం ఉంది బావా. కొన్నప్పుడు నేనే సరిగా చూసుకోలేదు. తప్పు నాది" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి ఆ బిళ్లని చుట్టాడు. మా ఆయన అలవాటుగా చేయి చాచాడు. అన్నయ్య ఆయన్ని దాటి గుమ్మం దాకా వచ్చి, పొట్లం నా చేతిలో పెట్టాడు.

"తీసింది మీది చెల్లెమ్మా."

మా ఆయన అప్పటికే జనం వైపు తిరిగి, చెప్పానా లేదా అన్నట్టు చూస్తున్నాడు. అన్నయ్య గోనెపట్టా దులిపి మడుస్తున్నాడు, స్పానర్లు సంచిలో వేసుకుంటున్నాడు. ఆ స్పానర్ల చప్పుడు విన్నాక ఇక నావల్ల కాలేదు.

"నేనే పెట్టాను!" అని అరిచాను. అనడం కాదు, అరిచాను. "కందెన పెట్టాను. ఆదివారం ఆదివారం పెట్టాను. అన్నయ్యగారు వేసింది బంగారంలాంటి ముక్క. పాడు చేసింది నేను. రెండూ నేనే చేశాను. ఏవండీ, వినబడిందా?"

తర్వాత ఎవరో కారుకి కందెన అట అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఇక చూడండి, ముసలివాళ్లు కూడా అరుగు పట్టుకుని నవ్వారు. మా ఆయన నవ్వలేదు. నన్ను తిడతాడేమో అనుకున్నాను. తలదించుకుని కొట్టంలోకి వెళ్లి, అటక మీద నుంచి మొదటి పొట్లం తెచ్చి విప్పాడు. ఎండి పగిలిన పాత రబ్బరుని, నేను చేతిలో పట్టుకున్న ఉబ్బిన రబ్బరు పక్కన పెట్టి చూశాడు. అప్పుడు గోనెపట్టా అన్నయ్య చేతిలోంచి లాక్కుని, మళ్లీ కారు కింద తనే పరిచాడు.

"కొత్తది వెయ్యి బావా" అన్నాడు. "టీ హోటల్లో నేనన్న మాటలు నేనే వెనక్కి తీసుకుంటాను. ఇప్పుడే, వీళ్లందరి ముందే."

అన్నయ్య సంచిలో కొత్త ముక్క ఉండనే ఉంది. వేశాక చేతులకి నీళ్లు పోస్తూ మా పుట్టింటి ఆముదం కందెన సంగతి నేను చెబితే, నాతో మెల్లగా అన్నాడు. "మీ నాన్నగారిలా ఆముదమైనా పెట్టాల్సింది చెల్లెమ్మా, రబ్బరు ఎలాగో ఓర్చుకునేది. ఈ నల్ల ఆయిలూ కిరసనాయిలూ దానికి విషం. అయినా ఎందుకు చెప్పావు? నేను మోసేవాణ్ణి కదా. ఇప్పుడు ఊళ్లో నీకు పేరు పడిపోతుంది."

పడింది. ఆ సాయంత్రానికే నేను కందెన వదిననయ్యాను. పిల్లలైతే కందెన పెద్దమ్మ అనేవారు. కొత్త రబ్బరు పది రోజులు కిర్రుమని, దానంతటదే సర్దుకుంది. పది రోజులూ నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి ఆ షెడ్డు ముందు మళ్లీ మా ఊరి జీపులు నిలబడ్డాయి.

పద్మిని వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ పేరు మాత్రం నాకే ఉండిపోయింది. అలా పిలిచారని మా ఆయన ఒకరిద్దరి మీదకి వెళ్లాడు కూడా. నేనే ఆపాను. అన్నయ్య తన మీద వేసుకుంటానన్నది దీనికంటే చాలా బరువు. ఎవరైనా "కందెన వదినా" అని పిలిస్తే ఇప్పటికీ నేను పలుకుతాను.