రేగుపుట్టు కొస కుళాయి

బ్లీచింగ్ పొడి డబ్బా మూత తీస్తే ముక్కు పగిలేంత ఘాటు వస్తుంది. చాలామందికి ఆ వాసన పడదు. మొన్న పంచాయతీ ట్యాంకు కడిగిస్తున్నప్పుడు కొత్తగా వచ్చిన కార్యదర్శి గారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగారు. నేను ఇంకొంచెం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకది గాసన్న చేతుల వాసన. ఏళ్ళ తరబడి ఆ పొడి కలిపిన చేతులవి. సబ్బు పెట్టి తోముకున్నా, పెళ్ళి విందులో కూర్చున్నా, ఆయనకంటే ముందు ఆ వాసనే వచ్చేది. ఆయన్ని చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నలభై మూడేళ్ళ వయసు దాకా నాకు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే అది కూడా ఆయన పెట్టిన పనే.

మా పంచాయతీ డుంబ్రిగుడ సంతకు నడిచి వెళ్ళే దూరంలో ఉంది. కొండల మధ్య చెల్లాచెదురుగా ఎనిమిది ఊళ్ళు. పై కొండలో ఒక ఊట ఉంటే దానికి గోడ కట్టి, అక్కడినుంచి పైపులు వేసి అన్ని ఊళ్ళకూ నీళ్ళు దించారు. మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్ళు వాటంతటవే పారి రావాలి. ఆ పైపుల వెంట తిరిగి వాల్వులు తిప్పడం, పగిలినచోట అతకడం, ట్యాంకులు కడగడం గాసన్న పని. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. భుజాన సంచిలో పానా, రంపం ముక్క, పాత సైకిలు ట్యూబు. అందరూ పని ఊట దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తారు. ఆయన మాత్రం కొసనున్న కుళాయి దగ్గర మొదలుపెట్టేవాడు. ఎందుకన్నా అని ఒకసారి అడిగాను. "పైన ఎప్పుడు సూసినా నీలుంటాయి. పైన సూసినోడికి అంతా బాగానే కనబడతాది," అన్నాడు.

ఆ కొసనున్న ఊరు మాది, రేగుపుట్టు. పైపు ఒక లోయ దిగి మళ్ళీ మా మిట్ట ఎక్కాలి. ఊట నిండుగా ఉన్నంతకాలం ఆ ఒత్తిడికి నీళ్ళు ఎక్కేవి. సంక్రాంతి దాటి ఊట సన్నబడితే లోయలోనే నిలిచిపోయేవి. అప్పుడిక కింద లోయలో పారే గెడ్డకు, అదే వాగుకు, పోవాల్సిందే. దిగడానికి అరగంట, నిండు బిందెతో ఎక్కడానికి గంట. మా వార్డు ఆడవాళ్ళకి వచ్చినప్పుడు ఎవరూ ముందుకు రాకపోతే నన్ను మెంబరుగా నిలబెట్టారు. వేలిముద్రతో నామినేషన్ వేశాను, వేలిముద్రతోనే ప్రమాణం చేశాను. మెంబరంటే పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చుని, టీ తాగి, చూపించినచోట వేలు పెట్టి రావడం అనుకునేదాన్ని.

ఆ ఏడాది మాఘమాసంలో కబురొచ్చింది, ఇంజినీరు గారు మా ఊరి కుళాయి చూడటానికి వస్తున్నారని. అంత పెద్ద మనిషి మా మిట్ట ఎక్కడం అదే మొదలు. మా కుళాయేమో అప్పటికే పది రోజులుగా ఎండిపోయి ఉంది. ఊరంతా కంగారు పడ్డాం. ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. నీళ్ళు రావడం లేదని చూపించడానికి అంతకంటే మంచి రోజు దొరకదు కదా! మాకా ఆలోచనే రాలేదు. ఇంత దూరం వచ్చిన చుట్టం కుళాయి తిప్పితే చుక్క రాకపోతే ఊరి పరువు ఏం కావాలి అన్నదే మా బెంగ. "కాళ్ళు కడుక్కోడానికి నీలు నేని ఊరని సెప్పుకుంటాడు కిందికెల్లి," అంది మా అత్త. మెంబరుని కాబట్టి ఆ పని నేనే ముందుండి చేయించాను. తెల్లవారకముందే పద్దెనిమిది మంది ఆడవాళ్ళం గెడ్డకు దిగాం. గుండెల ఎత్తు దిమ్మ మీదున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో బిందె తరవాత బిందె ఎత్తి పోశాం. ఇంజినీరు గారు వచ్చి కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఆయన ముఖం కడుక్కుని, చేతులు తుడుచుకుని, "బావుందమ్మా," అన్నారు. మా ఊరివాళ్ళందరి ముఖాలూ వెలిగిపోయాయి. వెంట వచ్చిన కార్యదర్శి సభ తీర్మానాల పుస్తకం తెరిచి చూపించాడు. వేలు పెట్టాను.

ఆ రోజు గాసన్నను అవతలి కొండ మీద పైపు పగిలిందని పంపారు. మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే ముందు మా కుళాయి దగ్గరికే వచ్చాడు. ట్యాంకు మూత తీసి లోపలికి చాలాసేపు చూశాడు.

"దాలమ్మీ, ఇలా రా. ఇదేటి?"

అడుగున మిగిలిన జానెడు నీళ్ళలో వేలెడు చేపపిల్ల తిరుగుతోంది.

"సేప," అన్నాను.

"సేపని నాకూ తెలుసు. ఊట నీలల్లో సేపెక్కడిదే? కొండెక్కి, పైపులో దూరి, మీ ఊరు సూద్దామని వచ్చినాదేటి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. మూత పెట్టి దిమ్మ మీద కూర్చున్నాడు.

"ఏలేసినావా?"

"ఏసినాను."

"ఏటి రాసుందో అడిగినావా?"

"నీలొస్తన్నాయని రాసినాం అన్నారు. అప్పుడు వస్తన్నాయి కదన్నా!"

"సుట్టానికి నీలిచ్చినారు, మంచిదే," అన్నాడు లేస్తూ. "మరి మీకెవుడిస్తాడు?"

ఆ మాటకు అర్థం ఎండాకాలంలో తెలిసింది. పంచాయతీకి కొత్త పైపులు వచ్చాయి. మాకంటే కిందనున్న మూడు ఊళ్ళకు వేశారు. మాకెందుకు వెయ్యరని అడిగితే, "మీ ఊరికి ఇబ్బంది లేదని మీ మెంబరే ఒప్పుకుంది, పుస్తకంలో ఉంది," అన్నారు. ఆ వైశాఖంలో మా అత్త గెడ్డ దారిలో నిండు బిందెతో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మంచంలోంచి ఒక్కమాట కూడా నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకనిపించేది. గాసన్న దగ్గరికి వెళ్ళి, ఏం చెయ్యాలన్నా అని ఏడ్చాను.

"సభ రాసింది సభే కొట్టెయ్యాల," అన్నాడు. "అంతకు ముందు అందులో ఏటుందో నువ్వు సదవాల."

"నువ్వే సదివి సెప్పీ. అయిపోద్ది కదా."

"నాను సెప్తే నా మాట అవుతాది. గాసిగాడు నూరిపోసినాడంటారు, కొట్టి పడేస్తారు. ఏలు నీది. కళ్ళు కూడా నీవే అవ్వాల."

ఆయన ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి వరకు చదివాడు. పలక, బలపం ఏమీ తేలేదు. పైపుల వెంట వాల్వు గుంతలుంటాయి, వాటి సిమెంటు మూతల మీద ఊళ్ళ పేర్లు రాసి ఉండేవి. వానలకు సగం చెరిగిపోయాయి. ఒకరోజు నా చేతికి బ్రష్షు, తెల్ల పెయింటు డబ్బా ఇచ్చాడు. "మల్లీ రాయాల, పట్టు," అన్నాడు. నాకు రాదన్నాను. "రానోలే రాయాల. వచ్చినోలు కుర్సీల్లో ఉంటారు, ఇక్కడికి రారు," అన్నాడు. మసక గీతల మీదుగా బ్రష్షు నడిపించాను. మా ఊరి పేరు రాయడానికి ఒక పూట పట్టింది. పెయింటు కారి అక్షరాలకు గడ్డాలు మొలిచాయి. వానాకాలమంతా, పసుపు చేలో కలుపు తీసి వచ్చాక, ఆయన వెంట మూత నుంచి మూతకు తిరిగాను. పక్కింటి పిల్లగుంటలు "పిన్ని బడికెల్తంది, పలక మరిసిపోనాది" అని పాట కట్టారు. నేను ఏడుపు మొహం పెడితే గాసన్న వాళ్ళతో కలిసి పాడేవాడు. తప్పు రాస్తే మాత్రం నవ్వేవాడు కాదు. గోనెగుడ్డతో తుడిచి, "ఎండకముందే దిద్దేయి. ఎండినాక దిద్దడం కష్టం," అనేవాడు.

చలికాలంలో పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఆ తీర్మానం నకలు అడిగాను. కార్యదర్శి నవ్వాడు. "చదవడం వచ్చా అమ్మా?"

"వస్తాది," అన్నాను.

ఆ కాగితం చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మూతల మీది అచ్చులాంటి అక్షరాలు వచ్చాయి కానీ చేతిరాత వేరే. ఒక్కో మాటా కూడబలుక్కుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. నాలుగో రోజు మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. రేగుపుట్టు గ్రామమునకు సంవత్సరం పొడవునా తాగునీరు అందుచున్నదని, మరమ్మతులేవియు అవసరం లేదని ఉంది. మేం మోసింది ఒక్క పొద్దు నీళ్ళు. నేను వేలు పెట్టింది ఏడాది నీళ్ళకు. ఆ కాగితం పట్టుకుని గాసన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన తీసుకుని చూడను కూడా చూడలేదు. "సైత్రం దాకా ఆగు. ఊట బాగా సన్నబడనీ," అన్నాడు.

చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళం రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, చేతులు పట్టుకుని ఆడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపుతాం. చేతిలో ఏదో ఒకటి పెడితేనే వదులుతాం. ఆ పండగ రోజుల్లోనే పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రామసభ పెట్టారు. ఇంజినీరు గారి జీపు వచ్చింది. కర్ర అడ్డం పెట్టాం. ఆయన నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టారు.

"డబ్బులొద్దు బాబూ," అన్నాను. "దిగి మాతో నడవండి. ఈ ఏడు మా పండగ అదే."

"సభ ఆఫీసు దగ్గర కదమ్మా?"

"ఆపీసు కాడ కుళాయి రోజూ వస్తాది. రానిది సూడాల."

కార్యదర్శి కసురుకున్నాడు. ఆడవాళ్ళు పాట ఆపలేదు, కర్ర తియ్యలేదు. ఆఫీసు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా ఏం జరుగుతోందా అని లేచి వచ్చారు. చివరికి ఇంజినీరు గారు దిగారు. అలా సభంతా మా మిట్ట ఎక్కింది. గాసన్న అందరికంటే వెనక, చేతులు కట్టుకుని వచ్చాడు.

ఎండకు ఇంజినీరు గారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. వస్తూనే కుళాయి తిప్పారు. గాలి బుస్సుమంది. ఇంకా తిప్పారు. అది కూడా ఆగిపోయింది. అప్పుడు మా అత్త చేతికర్ర ఊతంగా, రెండో చేతిలో గ్లాసుతో, కుళాయికి ఎదురుగానే ఉన్న మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోవే. ఎండన పడొచ్చిన మనిషి."

"ఒక్క గడియ ఆగత్తా."

"సిగ్గు నేదేటే నీకు? మా తాతల కాడినుంచి మన గుమ్మం ముందు ఎవుడూ దాగంతో నిలబడనేదు."

ఆ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి నిలబడటం నా బతుకులో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని. వెనక్కి తిరిగి కాగితం తీశాను. చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. ఎవరో నవ్వారు. గాసన్న అందించలేదు, నేలకేసి చూస్తున్నాడు. నేనే వెతుక్కుని ముందుకు పోయాను. చివరికి వచ్చాక, "ఆ పొద్దు మీరు కడుక్కున్నవి మేం గెడ్డలోంచి మోసిన నీలు బాబూ. ఈ ఏలు నాది. అబద్ధం కూడా నాదే. దీన్ని కొట్టెయ్యండి," అన్నాను.

అప్పుడు గుమ్మంలోంచి తప్పుకున్నాను. మా అత్త గ్లాసు తీసుకెళ్ళి ఆయనకిచ్చింది. గెడ్డ నీళ్ళు, అడుగున మట్టి. ఆయన గ్లాసు వైపు చూశారు, ఆమె చేతికర్ర వైపు చూశారు. తాగారు. పాత తీర్మానం కొట్టేసి కొత్తది అక్కడే, దిమ్మ మీద పుస్తకం పెట్టి రాశారు. సర్పంచి గారు మాత్రం నాతో ఏడాది మాట్లాడలేదు. గాసన్నను పిలిపించి, "ఇదంతా నువ్వు నేర్పిందేనా?" అని నిలదీశారట. "అచ్చరాలు నాను నేర్పినాను బాబూ. మాటలు దానివే," అన్నాడట.

చైత్రం దాటినా తగ్గని ఊట ఒకటి మా మిట్టకంటే ఎత్తున ఉందని గాసన్నకు ముందే తెలుసు. అక్కడినుంచి పైపు వెయ్యడానికి మరో పది నెలలు పట్టింది. ఆ పది నెలల్లో పంచాయతీ ఆఫీసుకు నేను ఎన్నిసార్లు తిరిగానో చెప్పలేను. నీళ్ళు పడిన రోజు ఆయన కుళాయి కింద చెయ్యి పెట్టి చూశాడు. "టాంకీకి మూత బాగా బిగించండి," అన్నాడు, అంతే. ఒక్క వేసవి మాత్రం ఆ నీళ్ళు చూశాడు. తరవాతి వానల్లో జ్వరం వచ్చి, ఆస్పత్రికి మోసుకెళ్తుండగా దారిలోనే పోయాడు. వాల్వు మూతల మీద పేర్లు ఇప్పుడు ఏటేటా నేనే రాస్తున్నాను.

ఇప్పుడు ఉప సర్పంచిని. పోయిన నెల వీధి దీపాలు వేసిన మనిషి మధ్యాహ్నం పూట వచ్చాడు. స్తంభాలకు ఆరు దీపాలు బిగించాం, ఒక సంతకం పెడితే తొందరగా వెళ్ళి బస్సు అందుకుంటానన్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టాను, కాఫీ ఇచ్చాను. పొద్దుగూకేదాకా ఉండమన్నాను. ఆయన గడియారం చూసుకున్నాడు, ఫోన్లో ఎవరితోనో విసుక్కున్నాడు. నన్ను నమ్మరా అన్నాడు. నేను పిప్పళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. కొండ వెనక్కి పొద్దు దిగింది. ఇద్దరం లేచి వీధి ఆ చివరి దాకా నడిచాం. నాలుగు వెలిగాయి. నాలుగని రాసి కాగితం ఆయన చేతికిచ్చాను.