ఫువతినో మెచ్చుకున్న ముడి

సవాయీ దీవి పడమటి తీరంలో మేకు అన్నది లేకుండా కట్టిన సభా ఇళ్లు రెండే మిగిలాయి. దూలాలనూ స్తంభాలనూ కొబ్బరిపీచు తాళ్లతో అల్లి బిగించిన ఇళ్లవి. బడిపంతులమ్మగా పనిచేసి మానుకున్న ఫువతినో, అలాంటివాటిని కూల్చి రేకులు వేసుకోవద్దని పదకొండేళ్లుగా ఊరూరా తిరిగి చెబుతోంది. చెప్పిన చోటల్లా కూలుతూనే ఉన్నాయి.

ఆ రెంటిలో ఒకటున్న వాయిసీలి ఊళ్లో మాత్రం ఆ పాత పాఠం పక్కన పెట్టింది. పెద్దల సభలో లేచి నడిదూలం మీది ముడి చూపించింది.

"ఇది వేసినాయనది ఎడమచేతివాటం, పెద్దయ్యా. అల్లిక ఎటు తిరిగిందో చూడండి. ఇంత చక్కని ముడి నేనెక్కడా చూడలేదు."

ఊరిపెద్ద లఫోగా మెడ ఎత్తి చాలాసేపు చూశాడు.

"మా తాతే అయ్యుంటాడు. ఆ చేత్తోనే నా వీపు మీద వేసేవాడు."

అందరూ నవ్వారు.

"ఇన్నేళ్లూ దీని కింద పడుకున్నాం గానీ, తలెత్తి చూసింది లేదు పంతులమ్మా," అన్నాడు లఫోగా, గొంతు తగ్గించి.

ఈ ఒక్క ఇల్లయినా నిలుస్తుందనుకుంటూ బస్సెక్కింది ఫువతినో.

శనివారం ఆమె గుమ్మం ముందు వాయిసీలి ట్రక్కు ఆగింది. కాల్చిన పంది, చేమదుంపల బుట్టలు దిగాయి. వెనకే నలుగురు సన్నచాపలో చుట్టినదేదో మోసుకొచ్చి ఆమె ముందు విప్పారు. రెండు వైపులా రంపంతో కోసిన దూలం ముక్క. మధ్యలో ఆ ముడి.

"అంతగా మెచ్చుకున్నాక కూడా మా దగ్గరే ఉంచుకుంటే ఊరికి పరువేముంటుంది?" అన్నాడు లఫోగా.

"మరి ఇల్లు?"

"నడిదూలం కోశాక నిలుస్తుందా? చదువు చెప్పినవాళ్లు, మీకు తెలీదూ? ఒరిగిపోయింది. రేకులు తెప్పిస్తున్నాం."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"ఇచ్చేది అడిగి ఇస్తారా ఎవరైనా?"

వద్దంటే ఊరంతటికీ అవమానం. ఫువతినో వంగి, ముడికి నెత్తి ఆనించి, చెప్పవలసిన కృతజ్ఞతలన్నీ వరసగా చెప్పింది.

మరుసటి నెల రెండో ఇల్లున్న ఊరికి వెళ్లింది. అక్కడి అల్లిక ఇంకా సన్నం. ఒకసారి చూసి తల దించుకుంది. పాత ఇళ్లు చల్లగా ఉంటాయనీ, రేకులు తుప్పు పడతాయనీ మాత్రమే చెప్పింది. ముందు వరసలో ఒకావిడ ఆవలిస్తూ విసనకర్ర ఊపుకుంది.

వర్షాలు మొదలవకముందే అక్కడి స్తంభాలను ట్రాక్టరుకు కట్టి లాగేశారు.