చిట్టి గడ్డికి ముళ్ళకంచె

ఆ రోజుల్లో గొప్పవాళ్ళం కావడానికి పెద్ద వస్తువులేమీ అక్కర్లేదనుకునేవాళ్ళం. నా మటుకు నాకు వేలెడు ఎత్తు గడ్డిమొక్క చాలనిపించింది. అరవైల మొదట్లో నెల్లూరు కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను (మీసం కొత్త, తెలివి అంతకన్నా కొత్త). ఇందుకూరుపేట దగ్గర మా మేనత్త ఊళ్ళో, సముద్రానికి ఇవతల ఇసుక దిబ్బల మధ్య పల్లపు గుంటలుండేవి. కార్తీకం వానలకు నిండి, ఎండ ముదిరేసరికి ఇంకిపోయేవి. ఆ తడి అంచున, మేనత్త బర్రెలు పొర్లే చోట, తుంగకు బుల్లి తమ్ముడిలాంటి మొక్క ఒకటి కనిపించింది. పుస్తకాలన్నీ తిరగేస్తే, మన తీరంలో దాన్నెవరూ చూసినట్టే లేదు. ఎండబెట్టి మద్రాసు ప్రొఫెసరు గారికి పంపాను. "వచ్చే ఏడు వచ్చి ప్రాణంతో ఉండగా చూస్తాను. నువ్వనుకున్నట్టు కొత్తదే అయితే నా దగ్గర పరిశోధనకు చేరవచ్చు" అన్నారాయన.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. నా భవిష్యత్తంతా బర్రెల కాళ్ళ కింద ఉంది! సెలవు పెట్టి, తుమ్మకంప కొట్టి, మొక్కల చుట్టూ కంచె కట్టాను. మేనత్త నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏంది అబ్బయా, వరికి లేని కంచె గడ్డికేస్తుండావు? నా బర్రెలు యాడ పొర్లాల?"

"ఇది మామూలు గడ్డి కాదత్తా. దీంతో నేను మద్రాసు పోతా."

"గడ్డి పట్టుకొని మద్రాసు పోయినోణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు నాయనా" అంటూ బర్రెల్ని పక్కకు తోలుకుపోయింది. ఎక్కడ నేనే తొక్కేస్తానోనని ఆ తర్వాత నేను కూడా కంచె లోపల కాలు పెట్టలేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక ప్రొఫెసరు గారు తెల్ల ప్యాంటుతో వచ్చారు. ఠీవిగా కంప పక్కకు లాగాను. లోపల తుంగ నడుమెత్తు పెరిగి ఉంది (మేసేవాళ్ళూ తొక్కేవాళ్ళూ లేకపోతే ఊరుకుంటుందా!). నా చిట్టి మొక్క ఒక్కటీ లేదు. మోకాళ్ళ మీద కూలబడి తుంగ చీల్చుకుంటూ వెదికాను. ఏడుపొక్కటే తక్కువ. ఆయన వాచీ చూసుకుని వెనుదిరిగారు. రెండడుగులు వేశారో లేదో, బర్రెల బురదలో కాలు జారి చతికిలబడ్డారు.

"అయ్యో సామీ!" అంటూ మేనత్త పరుగెత్తుకొచ్చింది. ఆయన లేవరే! గిట్టల గుంటల్లోకి తల వంచి అలాగే చూస్తున్నారు. అక్కడుంది నా మొక్క, గిట్ట గుర్తుకొక గుత్తి.

"తుంగను తొక్కి దీనికి చోటిస్తున్నది ఈ బర్రెలేనయ్యా. నువ్వు వాటినే బయటికి తోలావు. ముందు ఆ కంప పీకెయ్, తర్వాత మద్రాసు రా" అన్నారు.

"మా బర్రెల్ని గూడా పిలవండి సామీ, కష్టం వాటిదే గదా" అంది మేనత్త.

కంప పీకేశాను, మద్రాసూ వెళ్ళాను. ఇష్టమైనదాన్ని కాపాడుకోవాలంటే చుట్టూ కంచె కట్టేయాలనుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. చేతుల నిండా ముళ్ళు గీరుకుని, ఎంత శ్రద్ధగా కట్టాడో పాపం!