మోరీలోకి చూపిన బాణాలు

నేను గీసిన మొట్టమొదటి వాకింగ్ ట్రాక్ మీద నడిచిన మొదటి ముగ్గురూ తిన్నగా వెళ్లి మురుగు మోరీలో పడ్డారు. ఆ ముగ్గురిలో ముందు నడిచింది నన్ను కన్న తండ్రి, మా బాపు. ఈ సంగతి మా కాలనీలో పాలప్యాకెట్లు వేసేవాడి దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ తెలుసు. తెలియంది మీకొక్కరికే కాబట్టి, ఓపిక తెచ్చుకుని మరోసారి చెబుతున్నాను.

అప్పటికి నేను మున్సిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి ఏడాది కాలేదు. మాది గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల ఊరు. క్వార్టర్ల వెనక తుమ్మచెట్లు మొలిచి, పందులు తిరిగే ఖాళీ జాగా ఒకటి ఉండేది. దాన్ని పార్కు చేసి, చుట్టూ నడకదారి వేయాలని పైనుంచి మంజూరైంది. దారి ఎటు పోవాలో గీసే పని నాకు అప్పజెప్పారు. నేనేమో హైదరాబాదుకు కొత్త రోడ్డు వేస్తున్నంతగా పొంగిపోయాను. చంకలో టేపు, చెవి మీద పెన్సిలు, నెత్తిన పసుపు టోపీ. అన్నం తినేటప్పుడు కూడా ఆ టోపీ తీసేవాణ్ణి కాదని నన్ను కన్న అవ్వ ఇప్పటికీ వచ్చిన చుట్టాలకు చెబుతుంది.

పొంగిపోవడానికి ఇంకో కారణం ఉంది, అది మాత్రం నవ్వులాట కాదు. మా బాపు బొగ్గుబాయిలో సర్దారుగా చేశాడు. సర్దారంటే కార్మికుల గుంపును క్షేమంగా లోపలికి దింపి, క్షేమంగా పైకి తెచ్చే మనిషి. అలాంటివాడు రిటైరైన రోజు నుంచి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాడు. షుగర్ పెరిగింది. కాళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి. రోజూ నడవకపోతే ఇక మంచమే గతి అని కరీంనగర్ డాక్టరు ముఖం మీదే చెప్పాడు. రోడ్డు మీద నడవమంటే లారీలంటాడు, సందులో నడవమంటే కుక్కలంటాడు. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపడమే నా ట్రాక్ చేయాల్సిన అసలు పని అని లోలోపల అనుకున్నాను.

ఆ రోజు పొద్దంతా సున్నప్పొడి పోయించి ట్రాక్ గీతలు గీయించాను. సాయంత్రం జేసీబీ డ్రైవర్ యాదగిరి వచ్చి, వాననీళ్లు పోయే కాలువ ఎటు తవ్వాలో చూపించమన్నాడు. ట్రాక్ మలుపు దగ్గర్నుంచి వెనక గోడ అవతలి పెద్ద మోరీ దాకా, పదడుగులకొక బాణం గుర్తు నా చేత్తో నేనే గీశాను. ఒక్కో బాణం నులకమంచమంత. గోడ అడ్డం వస్తే ఆ మేరకు కూలగొట్టించాను. యాదగిరి కాసేపు చూసి తల గోక్కున్నాడు.

“సార్, గిది సున్నమే, గది సున్నమే. దీనికి జర ఎర్రమట్టి పోద్దామా? మంది పరేషాన్ అయితరు.”

“మందెక్కడిది యాదగిరీ? పార్కే ఇంకా కాలే. పొద్దుగాల వచ్చి తవ్వు, గంతే.”

అతనికి ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. ఉండి ఉంటే నాకీ తిప్పలు వచ్చేవి కావు.

ఇంటికెళ్లి ఏం చేశానో వినండి. గోళెం దగ్గర కాళ్లు కడుక్కుంటూ, ట్రాక్ తయారైందని గొప్పగా ప్రకటించాను. కంకర లేదు, రాయి లేదు, అక్కడున్నదల్లా సున్నప్పొడి. కానీ ఆ వయసులో గీత గీస్తే పని అయిపోయినట్టే. దారి ఎట్లా తెలుస్తుందని బాపు అడిగాడు. అంతా సున్నంతో గీసిపెట్టాను, కళ్లు మూసుకుని పోవచ్చన్నాను. నేను చెప్పిన మాట ఆయన నమ్మింది అదొక్కసారే.

ఇక్కడ మీకు బాయి సంగతి ఒకటి చెప్పాలి. భూమి కింద, పైకి వచ్చే దారి పొడుగునా సున్నంతో బాణాలు వేసి ఉంటాయి. పొగ కమ్మినా, నెత్తి మీది దీపం మసకబారినా, బాణం ఎటు చూపితే అటు పోవాలి. నిలబడి ఆలోచించకూడదు. ముప్పై ఏళ్లు అలా నడిచిన మనిషి కోసం నేను తెల్లటి బాణాలు గీసి పెట్టాను. ఈ సంగతి నాకు తెలియదా అంటే, చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

తెల్లారి నేను లేవకముందే బాపు ఇద్దరు పాత దోస్తులను వెంటేసుకుని బయల్దేరాడు. చలికాలం, చుట్టూ మంచు. కాసేపు గీతల వెంట నడిచారు. మలుపులో బాణం కనబడింది. ముగ్గురూ వరుస కట్టి, చేతికి చేయి అందేంత ఎడంతో, బాయిలో నడిచినట్టే నడిచారు. కూలిన గోడను చూసి, కొడుకు గేటుకు జాగా వదిలాడని బాపు మెచ్చుకున్నాడట. అవతల మోరీ మీద నాచు పచ్చగా పరుచుకుని ఉంది. మావోడు గడ్డి గూడ పెట్టించిండు అంటూనే కాలు వేశాడట. ముందు మనిషి మాయమైతే వెనకవాళ్లు ఆగాలి కదా అంటారేమో. వాళ్లు ఆగలేదు. బాణం ముందుకే చూపుతోంది మరి.

కబురు విని నేను పరుగెత్తుకెళ్లేసరికి, కాలువ తవ్వడానికి వచ్చిన యాదగిరి జేసీబీ బకెట్‌లో ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా పైకి తీస్తున్నాడు. నడుము దాకా నల్లటి బురద. ఆ దోస్తుల్లో ఒకడైన ఓదెలు కాక చెప్పు ఒకటి మోరీకే అంకితమైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే నా అదృష్టం. సగం కాలనీ మిగిలిన గోడ ఎక్కి కూర్చుంది. బాపు కళ్ల మీది బురద తుడుచుకుని నన్ను చూశాడు.

“ముప్పై ఏండ్లు బాయిల బాణం గుర్తు నమ్ముకొని సక్కగ పైకొచ్చిన. నా కొడుకు గీసిన బాణం నమ్మితే మోరీల తేలిన.”

కాలనీ అంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు కుర్చీ దిగిన మనిషి, ఇక జన్మలో దిగడని. అవ్వ మూడు గుండిగల వేడినీళ్లు పోసి కడిగింది. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కాలువ గుర్తుల మీద ఎర్రమట్టి పోయించాను. అప్పుడది ఎవరికి కావాలి?

మూడో రోజు తెల్లవారుజామున ఎవరో నా మంచాన్ని కాలితో తన్నారు. చూస్తే బాపు. కాళ్లకు కాన్వాస్ బూట్లు, చెవుల మీదికి మఫ్లరు, చేతిలో కట్టె.

“లే. ట్రాక్ మీదికి పోదాం.”

“మళ్లొస్తవా బాపు?”

“రాకుంటే డాక్టర్ ఊకుంటడా? గని బాయిల ఒక కానూన్ ఉన్నది. దారి జూసినోడే ముందుగాల దిగాలె. నువ్వు ముంగట నడువు. పడితే నువ్వే పడు.”

నేను లేచాను. అది నేను చేసిన రెండో పొరపాటు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, ఎండైనా వానైనా, పొద్దున్నే ఐదింటికి నేను ముందు, ఆయన కట్టెతో వెనక, నాలుగు చుట్లు. ఆయన షుగర్ దిగింది, నా నిద్ర పోయింది. కాస్త నెమ్మదిస్తే చాలు, మడమ మీద కట్టె తగులుతుంది. పండక్కి లేదు, జ్వరానికి లేదు, నా పెళ్లి మర్నాడు కూడా మినహాయింపు దొరకలేదు. కొత్తగా వచ్చినవాళ్లు కొడుకంటే ఇట్లుండాలె అంటారు. పాతవాళ్లు మాత్రం నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు.

కాబట్టి చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ బాణం గుర్తు గీయను. సున్నంతో గీయను, పెన్సిలుతో గీయను. ఎవరైనా బస్టాండ్ ఎటు అని అడిగితే వేలు కూడా చూపను. వాళ్లకంటే ముందు నడిచి, బస్సెక్కించి వస్తాను.