గుమ్మం మాత్రం నేను కదపలేదు

ముందే చెప్పేస్తాను, చివర్లో చెప్తే నన్ను తిట్టుకుంటారు. ఫెంగ్‌షుయి పిచ్చిలో పడి నేను ఇంట్లో సామానంతా అటూ ఇటూ జరుపుతున్న ఆ ఏడాదిలోనే మా అత్తగారి చూపు పోతోంది. ఆ సంగతి నాకు తెలియదు, మా ఆయనకి తెలియదు, ఆవిడకీ తెలియదు. ఒకే ఇంట్లో పక్కపక్కన నడిచిన ఈ రెండింటినీ విడదీసి చూద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. ఇప్పటికీ నాకు సరిగ్గా తెగదు.

రెండువేల సంవత్సరం దాటిన రెండు మూడేళ్ళకి రాజమండ్రిలో మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ కొనుక్కున్నాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయనది తణుకులో ఉద్యోగం, పొద్దున్న ఏడింటికి బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరేవారు. మా అత్తగారిది కోనసీమ. వాళ్ళ ఊళ్ళో ఇంట్లో ఏదైనా కలిసిరాకపోతే మేస్త్రీని పిలిచేవారట. మా మామగారు బతికున్న రోజుల్లో వంటింటి గుమ్మాన్ని రెండుసార్లు పీకించి రెండు వైపులా పెట్టించారట. ఆవిడ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు.

ఫ్లాటులో ఆ వేషాలు సాగవు కదా! గోడ కొడితే అవతల వాళ్ళ పడగ్గది. గుమ్మం జరపాలంటే కింద నాలుగు కుటుంబాలు మీదికి వస్తాయి. మాది దక్షిణం గుమ్మం. కొనేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు గానీ, గృహప్రవేశం భోజనాలు అయ్యాక వచ్చినవాళ్ళందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. "దక్షిణమా అండీ? పోన్లెండి, ఏం చేస్తాం" అని జాలిపడి పోయారు. ఆ "పోన్లెండి" నా మనసులో అలా ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మా స్టాఫ్ రూములో లెక్కల టీచరు ఫెంగ్‌షుయి పుస్తకం ఒకటి తెచ్చింది, చైనావాళ్ళ వాస్తట. గోడలు కొట్టక్కర్లేదట, గుమ్మాలు పీకక్కర్లేదట. సామాను జరుపుకుంటే చాలు, నాలుగు బొమ్మలు పెట్టుకుంటే చాలు. ఫ్లాటులో ఉండేవాళ్ళ కోసమే ఎవరో పనిగట్టుకుని కనిపెట్టినట్టు అనిపించింది నాకు. ఆ వారంలోనే మెయిన్ రోడ్డు మీద ఫ్యాన్సీ షాపుకెళ్ళి నవ్వే బుద్ధుణ్ణి, మూడుకాళ్ళ కప్పని, నీళ్ళలో పెరిగే వెదురు మొక్కని, గాలికి మోగే గొట్టాల గంటల్ని పట్టుకొచ్చాను.

మా అత్తగారు బుద్ధుణ్ణి అరచేతిలో పెట్టుకుని ఎగాదిగా చూశారు.

"ఎవరమ్మా ఈ బొజ్జాయన? భోజనాలయ్యాక విస్తరి ముందునుంచి లేవలేక నవ్వుతున్నట్టున్నాడు."

"అదృష్టం తెస్తాడటండీ, అత్తయ్యగారూ."

"తెస్తే తెచ్చేడు గానీ, అన్నవరం స్వామి పటం పక్కన మాత్రం పెట్టకు. ఆయన మొహమాటస్తుడు."

కప్పని చూసి మాత్రం హడలిపోయారు. వానాకాలంలో ఇంట్లో దూరిన కప్పల్ని చీపురుతో తరిమిన మనిషి ఆవిడ. "డబ్బిచ్చి కప్పని తెచ్చుకునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదే తల్లీ" అని నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ కళ్ళే.

అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. ఆదివారం వచ్చిందంటే సామాను కదలాల్సిందే. పుస్తకంలో ఒకటుండేది, పేపరు వాళ్ళ ఆదివారం అనుబంధంలో ఇంకొకటుండేది, టీవీలో పొద్దున్నే వచ్చే ఆయన మూడోది చెప్పేవాడు. మన వాస్తులో బరువంతా నైరుతిలో ఉండాలి. ఫెంగ్‌షుయిలో ఎవరు పుట్టిన సంవత్సరాన్ని బట్టి వాళ్ళకో దిక్కు. మా ఆయనకి మంచిదైన దిక్కు నాకు పనికిరాదు, నాకు పనికొచ్చేది అత్తగారికి చెడ్డదట. ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చుని తినాలో ఏ పుస్తకంలోనూ లేదు. రోజూ క్లాసులో పిల్లల చేత దిక్కులు వల్లె వేయించేదాన్ని, ఇంటికొచ్చి హాలు మధ్యలో నిలబడి తూర్పెటో తెలియక బుర్ర గోక్కునేదాన్ని.

అందులో నేను చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. స్కూలు లాబ్ నుంచి దిక్సూచి తెచ్చి, ఎత్తుగా, సమంగా ఉంటుంది కదా అని బీరువా మీద పెట్టి చూశాను. ఇనప బీరువా! ముల్లు బీరువా వైపే లాగేస్తుందని ఆరో తరగతి పిల్లాడికైనా తెలుసు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మూడు ఆదివారాలు జరిపిన సామానంతా తప్పు దిక్కుల్లో జరిపానని తెలిశాక నాలుగో ఆదివారం అంతా మళ్ళీ జరిపాను. టీపాయ్ సోఫా ముందునుంచి కిటికీ పక్కకి, కిటికీ పక్కనుంచి నడిచే దారిలోకి. చెప్పుల స్టాండు గుమ్మానికి ఎడమనుంచి కుడికి. ఫ్రిజ్ ఒకసారి హాల్లోకి కూడా వచ్చి వెళ్ళింది.

మా అత్తగారు తగులుకోవడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. మోకాలికి టీపాయ్ తగిలేది, మోచేతికి స్టాండు తగిలేది. "నిన్న ఇక్కడ లేదు కదమ్మాయ్ ఇది" అనేవారు. నిజంగానే నిన్న అక్కడ ఉండేది కాదు. పిక్కల మీద నల్లగా కమిలిన మచ్చలుండేవి. నేను కొబ్బరినూనె రాస్తూ, "కాస్త చూసుకుని నడవండి" అని విసుక్కునేదాన్ని. ఆవిడ చూసుకునే నడిచేవారు. నాకేం తెలుసు?

కళ్ళ మీదికి నా అనుమానం ఎలా పోతుంది చెప్పండి! పంచాంగం అద్దాలు పెట్టుకుని గడగడా చదివేసేవారు. సూదిలో దారం నాకంటే ముందు ఎక్కించేవారు. బియ్యంలో రాళ్ళు ఏరితే ఒక్కటి మిగిలేది కాదు. అలాంటి మనిషి బల్లని చూడలేదంటే, నా ఫెంగ్‌షుయి మీద కోపంతో కావాలనే తగులుకుంటున్నారేమో అనుకున్నాను. సిగ్గుచేటు గానీ, నిజంగా అలాగే అనుకున్నాను. ఒకరోజు పాలగ్లాసు వెదురు మొక్క మీద ఒలికితే నాకు ఒళ్ళు మండిపోయి రోజంతా మాట్లాడలేదు.

ఇంతలో మా ఆయనకి రాజమండ్రికే బదిలీ అయింది. కప్ప మొహం ఇంట్లోకి తిప్పిపెట్టిన తొమ్మిదో రోజున ఆర్డరు వచ్చింది. స్టాఫ్ రూములో నేను గాల్లో తేలిపోయాను. అది కప్ప మహిమో, ఆయన రెండేళ్ళుగా పెట్టుకుంటున్న అర్జీల మహిమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ బదిలీ వల్ల ఒకటి జరిగింది. ఆయన పొద్దుటిపూట ఇంట్లో ఉండటం మొదలైంది, వాళ్ళమ్మ నడవడం కళ్ళారా చూశారు.

ఒక శుక్రవారం గుమ్మానికి పసుపు రాద్దామని వెళ్తూ చెప్పుల స్టాండు కాలికి తగిలి ఆవిడ ముందుకి పడిపోయారు. పెదవి చిట్లింది. ఆయన లేవనెత్తి కూర్చోబెట్టి నా వైపు తిరిగారు.

"ఇల్లనుకున్నావా, రైల్వే ప్లాట్‌ఫారం అనుకున్నావా? ఇక మీదట ఈ ఇంట్లో ఒక్క సామాను కదిలిందంటే ఊరుకోను."

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నా మీద అంత గొంతెత్తడం అదే మొదలు. ఆ రోజునుంచి ఏదీ ముట్టుకోలేదు. పుస్తకం తిరిగిచ్చేశాను. బొమ్మల్ని మాత్రం ఉన్నచోటే ఉంచాను, అవీ సామానే కదా, కదపకూడదన్నారు కదా అని ఉక్రోషం.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం నేను స్కూలు పేపర్లు దిద్దుకుంటుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. వత్తులు చేసుకుంటున్నారు.

"ఏవమ్మాయ్, ఈ మధ్య ఏమీ మార్చట్లేదేంటి?"

నా చెవుల్ని నేను నమ్మలేదు. "మీ అబ్బాయి వద్దన్నారు కదండీ."

"వాడలాగే అంటాడు. నీకు మంచిదనిపిస్తే మార్చుకో. ఆ బల్ల ఇటు పెట్టు, లేకపోతే అటు పెట్టు. ఏదో ఒకటి మార్చు."

నాకు ఎంత సంతోషం వేసిందో! ఇన్నాళ్ళకి ఆవిడ దారికొచ్చారనుకున్నాను. బదిలీ చూసి నమ్మకం కుదిరింది కాబోలు, కొడుకు తిట్టాడని నా మీద జాలి కాబోలు, అని ఏవేవో అనుకున్నాను. ఆవిడ మొహంలోకి ఒకసారైనా సరిగ్గా చూసి ఉంటే బాగుండేది. "ఎందుకులెండి, మళ్ళీ గొడవ" అని బెట్టు చేసి పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఆవిడ వత్తులు బుట్టలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆదివారం పెసరట్లు వేశాను. ఆవిడ తన ప్లేటు పట్టుకుని గదిలోకి వెళ్తున్నారు, వెనకే నేను మంచినీళ్ళు పట్టుకుని నడుస్తున్నాను. ఆవిడ నేరుగా వెళ్ళి గది గుమ్మానికి భుజం కొట్టుకున్నారు. చిన్నగా తగలడం కాదు, అక్కడ గుమ్మమే లేదన్నట్టు వెళ్ళి కొట్టుకున్నారు. ప్లేటు కిందపడింది. ఆవిడ ఒక చేత్తో భుజం పట్టుకుని, రెండో చేత్తో గుమ్మం చెక్కని తడుముతూ, అలవాటుగా, చాలా మెల్లగా అడిగారు.

"ఇదెప్పుడు మార్చేవమ్మా?"

ఆ ఇంట్లో నేను జరపనిది అదొక్కటే. జరపలేనిది కూడా అదొక్కటే.

మర్నాడే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాం. ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆవిడ బటన్ పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. నొక్కింది చాలా తక్కువసార్లు. డాక్టరుగారు మమ్మల్ని లోపలికి పిలిచి చెప్పారు.

"నీటికాసులండీ, గ్లాకోమా అంటారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. అందుకే చదవగలుగుతున్నారు. చుట్టుపక్కల చూపు చాలావరకు పోయింది. గొట్టంలోంచి చూస్తున్నట్టు అనుకోండి. పోయింది మళ్ళీ రాదు. ఉన్నదైనా నిలబడాలంటే రోజూ చుక్కలు వెయ్యాలి."

"కాస్త ముందొస్తే?" అన్నారు మా ఆయన.

"ముందొస్తే ఇంకొంచెం మిగిలేది. ఎన్నాళ్ళనుంచి ఇలా తగులుకుంటున్నారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేనేం చెప్పను? ఏ దెబ్బ బల్లది, ఏ దెబ్బ కంటిది? మార్గశిరంలో మోకాలికి తగిలింది నేను టీపాయ్ జరిపినందుకా, ఆవిడకి కనపడనందుకా? వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. అన్నీ కలిసిపోయాయి. "గుర్తులేదండీ" అన్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ మాట ఇంకొకటి లేదు.

ఇంటికొచ్చాక మొదటి చుక్కలు నేనే వేశాను. తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకున్నారు. మందు మండుతోంది కాబోలు, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఒక్కమాట చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ. నన్ను తిట్టి అయినా చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? కళ్ళని నేననుకోలేదే. అన్నీ చదువుతున్నాను కదా. మతి పోతోందనుకున్నాను. మా అమ్మకి చివర్లో అలాగే అయింది, సొంతింట్లో దారి తెలిసేది కాదు. అది నాకూ వచ్చేసిందేమోనని భయం."

"మరి ఆ రోజు మార్చమని ఎందుకడిగారు?"

ఆవిడ కళ్ళు తెరవలేదు. చెయ్యి చాపి నా చెయ్యి కోసం వెతికారు, పక్కనే ఉన్నా కాసేపు దొరకలేదు. దొరికాక గట్టిగా పట్టుకున్నారు.

"నువ్వు మారుస్తున్నన్నాళ్ళూ నాకు ధైర్యంగా ఉండేదే. తగిలినప్పుడల్లా, తప్పు నాది కాదు, ఈ పిల్ల జరిపేసిందీ అనుకునేదాన్ని. నువ్వు మానేశాక కూడా తగులుతూనే ఉంటే, ఇంక ఎవరిమీద పెట్టుకోనమ్మా?"